ముద్ద దిగనివ్వని నవల



మాకు మైక్రోబయాలజీ చెప్పిన మేష్టారి పేర ఏటా జరిగే ఈ ఉపన్యాసంలో ఇదివరకు వక్తలు క్షయ గురించి, టీకాల గురించి, మందులకు లొంగకుండా పోతున్న సూక్ష్మజీవుల గురించి మాట్లాడారు. నేను రైల్లో చదివి సీటు మీద వదిలేసే రకం నవల ఒకటి తీసుకుంటానంటే నిర్వాహకులు కాస్త నీళ్లు నమిలారు. మేష్టారైతే నమిలేవారు కాదు. మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంటులో ఆయన గదిలో పాఠ్యపుస్తకాల బీరువాను ఆనుకుని ఇంకో బీరువా ఉండేది. ఆర్థర్ హెయిలీ, మైకేల్ క్రైటన్, రాబిన్ కుక్, మన కొమ్మూరి వేణుగోపాలరావు అందులో పక్కపక్కనే ఉండేవారు. ఎవరైనా తీసుకెళ్లొచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం నిలబెట్టి ఓ ప్రశ్న అడిగేవారు: "ఎక్కడిదాకా నమ్మావు? ఎక్కడ నమ్మడం మానేశావు?" పేజీ నంబరుతో సహా చెప్పాలి. బాగుంది, బాగాలేదు అంటే ఊరుకునేవారు కాదు. బాగుందా లేదా చెప్పడానికి పత్రికల వాళ్లున్నారు, నువ్వు డాక్టరువి అనేవారు.

ఇవాళ నేను ఆ ప్రశ్ననే పట్టుకుని ఒక నవల గురించి, అంతకన్నా ఎక్కువగా దాని పాఠకుల గురించి మాట్లాడతాను. నవల పేరు 'టాక్సిన్'. 1998లో వచ్చింది. రాసినవాడు రాబిన్ కుక్. కొలంబియా యూనివర్సిటీలో వైద్యం చదివిన కంటి డాక్టరు. 1977లో 'కోమా'తో ఒక్కసారిగా పేరొచ్చింది. మరుసటేడే దాన్ని క్రైటన్ సినిమా తీశాడు. వైద్యవ్యవస్థలో జనం పట్టించుకోవలసిన సంగతిని తీసుకుని ఉత్కంఠ కథలో పెట్టి అమ్మడం తన పద్ధతి అని కుక్ దాచుకోకుండా చెప్పుకున్నాడు. మన దగ్గర మెడికల్ కాలేజీ హాస్టళ్లలో అట్టలు ఊడిపోయేదాకా తిరిగిన పుస్తకాలు ఆయనవి. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద ఇవాళ్టికీ దొరుకుతాయి.

కథ చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. రోగంతో కూలబడిన ఆవు ఒకటి చేరకూడని కబేళాకు చేరుతుంది. ఆ మాంసం మరకు వెళ్లి, బిళ్లలై, 'ఆనియన్ రింగ్' అనే ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల గొలుసుకు చేరుతుంది. కిమ్ రెగ్గిస్ పేరున్న గుండె సర్జన్. భార్య ట్రేసీతో విడాకులయ్యాయి. పదేళ్ల కూతురు బెకీకి ఐస్ స్కేటింగ్ పిచ్చి. ఒకనాడు ఆ పిల్లను ఆనియన్ రింగ్‌కి తీసుకెళతాడు. మధ్యలో సరిగా ఉడకని హాంబర్గర్ తింటుంది. కడుపునొప్పి, రక్తవిరేచనాలు, ఆసుపత్రి, మూత్రపిండాలు చెడిపోవడం, చివరికి మరణం. ఇది పూర్వార్ధం. ఉత్తరార్ధంలో కిమ్, వ్యవసాయశాఖ ఇన్‌స్పెక్టరైన ఓ యువతి సాయంతో, మాంసం వచ్చిన దారిని వెనక్కి తవ్వుకుంటూ వెళతాడు. ఆమె ప్రాణాల మీదకి వస్తుంది. ఇతను వేషం మార్చుకుని కబేళాలో కూలిపనికి చేరతాడు. కిరాయి హంతకులు వెంటపడతారు.

ఇక పాఠకుల మాట. పాతికేళ్లుగా ఈ పుస్తకం చదివినవాళ్లు చెప్పుకునే అభిప్రాయాలు వింటుంటే విచిత్రమైన ఏకాభిప్రాయం ఒకటి కనిపిస్తుంది. ఏ దేశం వాళ్లైనా, ఏ చదువు చదివినవాళ్లైనా తిప్పి తిప్పి నాలుగే మాటలంటారు. మొదటిది: చదివాక హాంబర్గర్ ముట్టలేకపోయాం. రెండోది: ఆ తండ్రి మహా చిరాకు మనిషి, అతనితో వేగలేకపోయాం. మూడోది: సగం దాకా గుక్క తిప్పుకోనివ్వలేదు, తర్వాత సినిమాలా అయిపోయింది. నాలుగోది: మనుషులు మాట్లాడుకున్నట్టు ఉండదు, ఒకరికొకరు పాఠం చెప్పుకున్నట్టు ఉంటుంది. నాలుగో మాట మీద వాదన అనవసరం, అది నిజం. కుక్ పాత్రలు భోజనాల బల్ల దగ్గర కూడా ప్రభుత్వ నిబంధనలు వల్లిస్తాయి. మొదటి మూడింటి దగ్గరే ఆగాలి.

కిమ్ చిరాకు మనిషి అన్న మాట మీద నాకు పేచీ ఉంది. అతను నర్సుల మీద అరుస్తాడు. ఎమర్జెన్సీలో కూతురు గంటల తరబడి వరసలో కూర్చోవలసి వచ్చినప్పుడు మండిపడతాడు. స్పెషలిస్టులను పట్టుకుని ఏదో ఒకటి చెయ్యండి, ఊరికే చూస్తారేం అని నిలదీస్తాడు. రెస్టారెంటుకి వెళ్లి గొడవచేసి పోలీసుల చేతికి చిక్కుతాడు. హీరో ఇలా ఉండకూడదని పాఠకులకు అనిపించింది. కానీ ఆ జబ్బు స్వభావం తెలిసినవాళ్లకు ఆ అరుపుల్లో వేరే సంగతి వినిపిస్తుంది. ఇ.కోలి ఓ157:హెచ్7 అనే ఈ సూక్ష్మజీవి పేగులో చేరి షిగా టాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. జపాన్ శాస్త్రవేత్త కియోషి షిగా 1897లో రక్తవిరేచనాల మహమ్మారిలో కనిపెట్టిన సూక్ష్మజీవి విడిచేదీ ఇలాంటి విషమే. అది రక్తంలోకి చేరి మూత్రపిండాల్లోని సన్నటి నాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ నాళాల్లో చిన్న చిన్న గడ్డలు కడతాయి, ఎర్రకణాలు చితికిపోతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మూత్రం ఆగిపోతుంది. జబ్బుపడిన వందమందిలో ఐదు నుంచి పదిమందికి ఈ స్థితి వస్తుంది, వాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలు. దీనికి విరుగుడు మందు ఇవాళ్టికీ లేదు. సెలైన్ ఎక్కించడం, అవసరమైతే డయాలిసిస్, కనిపెట్టుకుని ఉండడం, అంతే. యాంటీబయాటిక్ ఇస్తే ముప్పు పెరగొచ్చని నవల వచ్చిన రెండేళ్లకు, 2000లో, సియాటిల్ వైద్యుల పరిశోధన వచ్చింది.

కిమ్ గుండె కోసి బాగుచేసి కుట్టేసే మనిషి. చేత్తో సరిదిద్దడం తప్ప ఇంకో వైద్యం ఎరగనివాడు. అలాంటివాణ్ణి తీసుకెళ్లి ఏమీ చెయ్యడానికి లేని జబ్బు పక్కన కూర్చోబెట్టాడు కుక్. అందుకే ఆ దృశ్యం, పాఠకులు చాలామంది పుస్తకం మూసేశామని చెప్పుకునే దృశ్యం, నాకు అతిగా అనిపించలేదు. కూతురి గుండె ఆగిపోతే తండ్రే ఛాతీ తెరిచి గుండెను చేత్తో పట్టుకుని పిసుకుతాడు. లోపల విషం చేసిన పని కళ్లారా చూసి చెయ్యి తీసేస్తాడు. మంచివాడో చెడ్డవాడో చెప్పలేని మనిషిని రాయడం కుక్‌కు సాధారణంగా చేతకాదు. ఇక్కడ ఒక్కచోట చేతనైంది. పాఠకులు విసుక్కున్నదీ అక్కడే. మేష్టారి గదిలో అయితే నేను ఆ పేజీని "నమ్మాను" లెక్కలో వేసేవాణ్ణి.

మూడో మాట, సగం దాకానే నవల, ఆ తర్వాత సినిమా అన్నది. ఈ తీర్పు ఎంత ఖచ్చితమో చెప్పాలంటే నవలను పక్కన పెట్టి నిజంగా జరిగిన సంగతిలోకి వెళ్లాలి.

ఈ సూక్ష్మజీవిని మనుషుల్లో జబ్బు తెచ్చేదిగా గుర్తించింది 1982లో. అమెరికాలోని ఆరెగాన్, మిషిగన్ రాష్ట్రాల్లో హాంబర్గర్లు తిన్నవాళ్లకు రక్తవిరేచనాలు పట్టుకున్నప్పుడు. వైద్యులకు తప్ప ఎవరికీ పట్టలేదు. 1993 జనవరిలో సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో ఇదే లక్షణాలతో పిల్లలు వరసగా చేరుతుంటే ఫిల్ టార్ అనే పిల్లల జీర్ణకోశ వైద్యుడు రాష్ట్ర ఆరోగ్యశాఖకు కబురుచేశాడు. కూపీ లాగితే జాక్ ఇన్ ది బాక్స్ అనే గొలుసు దుకాణాలు తేలాయి. 73 దుకాణాలు, నాలుగు రాష్ట్రాలు, ఏడువందల మందికి పైగా రోగులు, నలుగురు పిల్లల మరణం. అప్పటికి అక్కడి కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం మాంసపు బిళ్ల లోపల 60 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే చాలు. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం అంతకుముందే దాన్ని 68కి పెంచింది. పెంచినట్టు తెలిపే కాగితం తమకు అందిందని కంపెనీ తర్వాత ఒప్పుకుంది. అందింది, ఫైల్లో పడింది. పొయ్యి దగ్గర నిలబడిన కుర్రాడి దాకా వెళ్లలేదు.

చూడండి, ఈ కథలో హంతకుడు లేడు. ఎవరూ ఎవరినీ చంపించలేదు. జబ్బు పశువును దొంగతనంగా తోలుకెళ్లాల్సిన అవసరం కూడా లేదు. ఎందుకంటే ఈ సూక్ష్మజీవి ఆరోగ్యంగా ఉన్న పశువు పేగులోనే హాయిగా ఉంటుంది, పశువుకు ఏమీ కాదు. చర్మం ఒలిచేటప్పుడు పేడ అంటితే, పేగు కత్తికి తెగితే మాంసం పైకి చేరుతుంది. కండముక్కగా వండితే పైనున్నది పొయ్యి మీద చచ్చిపోతుంది. కీమా కొట్టినప్పుడు పైదంతా లోపలికి పోతుంది. మన వీధి కొట్లో ఒక పోతు మాంసం ఒక మనిషి కళ్లముందు కొట్టి ఇస్తారు. అక్కడి ఫ్యాక్టరీలో అనేక పశువుల మాంసం ఒకే మరలో కలుస్తుంది. ఒక్క బిళ్లలో ఎన్ని పశువులున్నాయో చెప్పలేరు. వందలోపు సూక్ష్మజీవులు కడుపులో పడినా జబ్బు రావడానికి చాలు. ఇంత సంగతిని కుక్ పూర్వార్ధంలో చక్కగానే చూపించాడు. పాఠకులు అక్కడిదాకా నమ్మారు. తర్వాత కత్తి పట్టుకున్న మనిషి చీకట్లోంచి రాగానే మానేశారు. తమకు తెలియకుండానే వాళ్లొక సంగతి పసిగట్టారు. కాగితం ఫైల్లో పడిపోవడం వల్ల పిల్లలు చనిపోయారని రాస్తే పాఠకుడు రాత్రంతా మేలుకునేవాడు. కిరాయి హంతకుడు వస్తే ఊపిరి పీల్చుకున్నాడు. హమ్మయ్య, ఇది కథే అనుకున్నాడు.

కోర్టుల మాటా చెప్పాలి, ఎందుకంటే అసలు ఉత్కంఠ అక్కడుంది. 1974లో దేశ రాజధాని వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు ఓ తీర్పిచ్చింది. మాంసంలో సాల్మొనెల్లా ఉన్నంత మాత్రాన అది కల్తీ మాంసం కాదు, గృహిణులకు వండడం తెలుసు అని దాని సారాంశం. అంటే బాధ్యత వంటింటిది. ఇరవయ్యేళ్లు ఆ మాటే చెల్లింది. 1994 సెప్టెంబరు చివర్లో వ్యవసాయశాఖలో మాంసం తనిఖీ విభాగాన్ని చూసే మైకేల్ టేలర్, మాంసం వ్యాపారుల సభలోనే నిలబడి, ఇకమీదట పచ్చి కీమాలో ఓ157:హెచ్7 కనిపిస్తే దాన్ని కల్తీగా లెక్కిస్తాం అని ప్రకటించాడు. వ్యాపారులు టెక్సస్‌లో కోర్టుకెక్కి ఓడిపోయారు. కీమాను లోపల ఎర్రగా ఉంచి తినే అలవాటు అమెరికన్లకు ఉంది కాబట్టి వంటింటి మీదకి నెట్టేస్తే కుదరదని తేలింది. 1996లో కబేళాలకు కొత్త నియమావళి వచ్చింది. ప్రమాదం ఎక్కడ జరగగలదో ముందే గుర్తించి అక్కడ కాపలా పెట్టే హాసప్ అనే పద్ధతి. అది మొదట అంతరిక్షంలోకి వెళ్లేవాళ్ల తిండి కోసం పిల్స్‌బరీ కంపెనీ, నాసా కలిసి తయారుచేసుకున్నది.

జాక్ ఇన్ ది బాక్స్ కూడా డేవ్ థీనో అనే ఆహారభద్రతా నిపుణుణ్ణి పెట్టుకుంది. సరఫరాదారు దగ్గరే మాంసాన్ని పరీక్షించాలని పట్టుబట్టినవాడు. చనిపోయిన పిల్లల్లో ఒకరి ఫొటో ఎప్పుడూ తన బ్యాగులో పెట్టుకుని తిరిగేవాడని, నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడల్లా దాన్ని చూసుకునేవాడని ఆ రంగంలో అందరికీ తెలుసు. నేరం జరిగిన ఇంట్లోనే ఉండి దిద్దినవాడు. ఇలాంటివాడికి థ్రిల్లర్‌లో చోటుండదు, ఎందుకంటే అతను ఎవరినీ తరమడు, ఎవరూ అతన్ని తరమరు.

అయితే కుక్ మీద పూర్తిగా కక్షకట్టను. అదే 1998 మొదట్లో టెక్సస్‌లోని అమరిల్లో పట్నంలో ఓప్రా విన్‌ఫ్రీ కోర్టు బోను ఎక్కింది. రెండేళ్ల ముందు తన టీవీ కార్యక్రమంలో పిచ్చి ఆవు వ్యాధి ప్రస్తావన వస్తే, ఇక హాంబర్గర్ తినబుద్ధి కావడం లేదన్న అర్థం వచ్చే మాట అంది. పశువుల ధర పడిపోయిందని పశువుల వ్యాపారులు దావా వేశారు. పాడైపోయే ఆహార పదార్థాలను నిందించినవాళ్ల మీద చర్యకు వీలిచ్చే చట్టాలు అప్పటికి 13 రాష్ట్రాల్లో ఉన్నాయి. ఫిబ్రవరి చివర్లో ఆమె గెలిచింది. గెలవడానికి డబ్బూ పరపతీ కావలసి వచ్చాయి. నిజమైన కంపెనీ పేరెత్తి మాట్లాడాలంటే పత్రికలు లాయర్లను అడిగే రోజుల్లో, లేని కంపెనీకి ఆనియన్ రింగ్ అని పేరు పెట్టి కబేళా నేల మీద ఏం జరుగుతుందో లక్షలమందికి చెప్పిన పుస్తకం ఇది. చౌకబారు రాతకు ఆ వెసులుబాటు ఉంటుంది. పెద్ద పత్రిక రాయలేనిది చిన్న నవల రాస్తుంది, ఎవరూ దాన్ని అంత పట్టించుకోరు కాబట్టి.

ఇప్పుడు మొదటి మాట. "ఇక హాంబర్గర్ ముట్టలేదు." ఇదే ఎక్కువమంది చెప్పింది. రచయితకు ఇంతకన్నా పెద్ద మెప్పు ఉండదని అనిపిస్తుంది. నాకు అసంతృప్తి ఉన్నది ఇక్కడే.

మన పాఠకులతోనే మొదలుపెడతాను. నేను ఈ పుస్తకం చదవమని ఇచ్చిన తెలుగువాళ్లు, ముఖ్యంగా అమెరికాలో పిల్లలున్నవాళ్లు, చదివి నెమ్మదిగా తిరిగిచ్చి, "మనం బీఫ్ తినం కదండీ" అన్నారు. శాకాహారులైతే ఇంకా నిశ్చింతగా, "ఇది మాకు సంబంధించింది కాదు" అన్నారు. ఇంకొందరు, మన వంటలో మాంసం కుక్కర్లో ఆరు కూతలు వచ్చేదాకా ఉడుకుతుంది, పచ్చిగా ఎవడు తింటాడు అన్నారు. మూడో మాటలో నిజం ఉంది. మన కూరలో ఈ సూక్ష్మజీవి బతికి బట్టకట్టడం కష్టం. మొదటి రెండింటిలో లేదు. 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో వేలమంది బడిపిల్లలు ఇదే ఓ157తో జబ్బుపడ్డారు. అనుమానం బడి భోజనంలోని ముల్లంగి మొలకల మీదకి వెళ్లింది. 2006లో అమెరికాలో రెండువందల మందికి అటూ ఇటూగా జబ్బుచేసింది పచ్చి పాలకూర. 2011లో జర్మనీలో దీని దాయాది ఒకటి, ఇదే విషం వదిలేది, వేలమందిని పడేసి యాభైమందికి పైగా ప్రాణాలు తీసింది. ముందు స్పెయిన్ దోసకాయల మీద నింద వేశారు. అక్కడి రైతులు పంటను పారబోసుకున్నారు. తర్వాత తేలింది, ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల మొలకలు అని. మెంతులు! మన పోపులపెట్టెలోని సరుకు.

2024 అక్టోబరులో మెక్‌డొనాల్డ్స్ క్వార్టర్ పౌండర్ తిన్నవాళ్లలో 104 మందికి, 14 రాష్ట్రాల్లో, ఇదే ఓ157:హెచ్7 సోకింది. ఒకరు చనిపోయారు. తొలి రోజుల్లో మాంసం బిళ్లనూ అనుమానించారు. చివరికి పట్టుబడింది మీద చల్లిన పచ్చి ఉల్లిపాయ తరుగు. కుక్ తన రెస్టారెంటుకి పెట్టిన పేరు తలచుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ నెలాఖరునే తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. హైదరాబాదులో మోమోలు తిన్నవాళ్లు జబ్బుపడి ఒకరు పోయాక. మా వీధిలో జనం మోమోల బండి మానేసి పక్కనే ఉన్న షవర్మా బండికి మళ్లారు. అక్కడా మయొనైజే వేస్తాడు.

భయపడిన పాఠకుడికి పదార్థం పేరు గుర్తుంటుంది, దారి గుర్తుండదు. పేడ నుంచి నీళ్లకు, నీళ్ల నుంచి ఆకుకు, కత్తి నుంచి చేతికి, చేతి నుంచి తరుగుకు వచ్చే దారి. కుక్ తప్పు కొంత ఉంది. దారిని తవ్వుతానని బయలుదేరి, సగంలో దుర్మార్గుణ్ణి చూపించి, వాడు దొరికితే అయిపోతుందన్నట్టు ముగించాడు. దుర్మార్గుడి కంపెనీ బర్గర్ మానేస్తే సరిపోతుందని పాఠకుడు అనుకోవడంలో వింతేముంది? పోషణశాస్త్రం పుస్తకమైతే మందలించేవాణ్ణి. నవల కాబట్టి రెండో తప్పు పాఠకుడిదే అంటాను.

ఆ రెండో తప్పు పాతది. 1904లో అప్టన్ సింక్లెయిర్ అనే కుర్రాడు షికాగో కబేళాల్లో ఏడు వారాలు తిరిగి, పనివాళ్ల మధ్య మెలిగి, 'ది జంగిల్' రాశాడు. లిథువేనియా నుంచి వలస వచ్చిన యుర్గిస్ అనే కూలీ కథ. వాడి పని, వాడి ఇల్లు, వాడి భార్య, వాడి బిడ్డ ఒక్కొక్కటిగా ఎలా పోయాయన్నది ఆ పుస్తకం. పుస్తకరూపంలో 1906 ఫిబ్రవరిలో వచ్చింది. అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఇద్దరు మనుషులను షికాగో పంపించి విచారణ చేయించాడు. జూన్ 30కల్లా మాంసం తనిఖీ చట్టం, ఆహార ఔషధ చట్టం రెండూ సంతకమయ్యాయి. ఒక నవలకు నాలుగు నెలల్లో రెండు చట్టాలు! సాహిత్య చరిత్రలో ఇలాంటి విజయం వెతికినా దొరకదు. సింక్లెయిర్ మాత్రం వాపోయాడు. జనం గుండెకు గురిపెడితే కడుపుకు తగిలిందని. చదివినవాళ్లకు సాసేజ్‌లో ఏం కలిసిందో గుర్తుండిపోయింది, దాన్ని కలిపినవాడి వేళ్లు తెగిన సంగతి గుర్తులేదు. చట్టాలు తినేవాడి కోసం వచ్చాయి. పనివాడి జీతానికీ, పనిగంటలకూ, వేళ్లకూ ఏమీ రాలేదు.

'టాక్సిన్' చదివినవాళ్లదీ అదే చూపు. కిమ్ మారువేషంలో కబేళాలో నేల కడిగే పనికి చేరతాడని చెప్పాను కదా. సర్జన్ వేషం మార్చడమేమిటి, వెంటనే పని దొరకడమేమిటి అని పాఠకులు నవ్వారు. నవ్వవలసిందే. కానీ ఆ కొన్ని పేజీల్లో కుక్ తెలిసో తెలియకో సరైన చోటుకి చేరాడు. అడగకుండా పని ఇస్తారు, ఎందుకంటే మనుషులు నిలవరు. పక్కవాడికి ఇంగ్లీషు రాదు, వాడి కాగితాలు ఎవరూ చూడరు. పెద్ద కబేళాల్లో గంటకు మూడు, నాలుగు వందల పశువులు గొలుసుకు వేలాడుతూ ముందునుంచి సాగిపోతుంటే ఒక్కొక్కడు ఒకే కోత రోజంతా కోస్తాడు. చెయ్యి వణికి పేగు తెగితే గొలుసు ఆపాలి. ఆపితే సూపర్‌వైజర్ వస్తాడు. చెయ్యి వణకడానికి ఎనిమిదో గంటలో కారణాలేమీ వెతకనక్కరలేదు. ఓ157 పేగులోంచి కీమాలోకి దాటే క్షణం సరిగ్గా అక్కడ ఉంది, ఆ మనిషి మణికట్టులో. ఆ మనిషి ఎవరు? పాఠకులెవరూ అడగలేదు. నేను విన్న అభిప్రాయాల్లో కిమ్ కోపం ఉంది, ట్రేసీ దుఃఖం ఉంది, బెకీ చావు ఉంది, ఇన్‌స్పెక్టరు ధైర్యం ఉంది. గొలుసు దగ్గర నిలబడ్డవాడి గురించి ఒక్క వాక్యం లేదు. వాడికి ఓవర్‌టైం తగ్గించి గొలుసు వేగం తగ్గిస్తే ఎంతమంది పిల్లలు బతుకుతారో అన్న లెక్క మా వైద్యులు కూడా పెద్దగా వెయ్యరు, మాకు థర్మామీటరు సులువు.

ఆ మనుషులు లోకానికి ఒకసారి కనిపించారు. 2020 ఏప్రిల్‌లో. కరోనా మొదటి కెరటంలో సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో స్మిత్‌ఫీల్డ్ వారి పందిమాంసం ఫ్యాక్టరీ మూతపడింది. అందులో దాదాపు 3,700 మంది పనిచేసేవారు, డజన్ల కొద్దీ భాషలు మాట్లాడేవాళ్లు, చాలామంది వలసవచ్చినవాళ్లు. భుజానికి భుజం తగిలేటట్టు నిలబడే పని, దూరం జరగడానికి చోటుండదు. ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ దేశరక్షణ ఉత్పత్తుల చట్టం కింద ఉత్తర్వు జారీచేసి మాంసం ఫ్యాక్టరీలు నడవాలన్నాడు. మే నెలాఖరుకు 23 రాష్ట్రాల నుంచి అందిన లెక్కల్లో ఇలాంటి ఫ్యాక్టరీల పనివాళ్లు 16,233 మందికి కరోనా సోకింది, 86 మంది చనిపోయారు. ఈ అంకెలు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీవి. పత్రికలు ఆ వారాల్లో పెద్ద అక్షరాలతో వేసింది వేరే సంగతి: మాంసం కొరత వస్తుందా, బర్గర్ల దుకాణాల్లో బీఫ్ దొరుకుతుందా.

మనవాళ్లు వేరుగా ఉన్నారని చెప్పను. ఆ వేసవిలో డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, బే ఏరియా నుంచి నాకు ఫోన్లు చేసిన మన పిల్లలు అడిగింది ఒక్కటే. చికెన్ దొరకదంటున్నారు అంకుల్, ఎన్ని ప్యాకెట్లు కొని పెట్టుకోవచ్చు, ఫ్రీజర్‌లో ఎన్నాళ్లు నిలవుంటుంది? డాక్టర్ని కాబట్టి అడిగారు, డాక్టర్ని కాబట్టి చెప్పాను. గట్టి కవర్లో చుట్టి పెట్టండి, తీశాక బయట కాకుండా ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి, లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా ఉడికించండి. ఆ చికెన్ కోసిన ఫ్యాక్టరీ ఏ ఊళ్లో ఉందో వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు.